చెవికి కూడా ఊపిరి కావాలన్న మనిషి

పశువుల డాక్టరు సారు పోయాడు. ఆ కబురు నాకు మిల్లులో ఇంజను నడుస్తుండగా చేరింది. పశువుల దవాఖాన కాంపౌండరు గేటు దగ్గర నిలబడి నోరు కదిపాడు. ఇంజను మోతలో మాట వినపడలేదు. రైసు మిల్లులో మేం ఎవరం నోటితో మాట్లాడుకోం, చేతులతో మాట్లాడుకుంటాం. బెల్టు జారితే ఒక సైగ, బస్తా నిండితే ఒక సైగ, సేటు వస్తున్నాడంటే ఒక సైగ. చావుకు మాత్రం మాకు సైగ లేదు. కాంపౌండరు మెడ చుట్టూ వేలు తిప్పి స్టెతస్కోపు చూపించాడు. తరువాత అరచేతిని వెల్లకిలా తిప్పాడు.

నేను ఇంజను ఆపేశాను. సేటు లోపలి నుంచి ఊగిపోతూ వచ్చాడు. "ఏమైందిరా, బంద్ జేసినవేంది?"

"డాక్టర్ సారు పోయిండు."

సేటు పక్కనున్న బస్తా మీద కూర్చుండిపోయాడు.

నస్రుల్లాబాద్ దిక్కు ఒక ఊళ్లో ఈనలేక అవస్థ పడుతున్న బర్రెను చూడటానికి వెళ్లాడట. దూడను బయటికి తీశాడు. చేతులు కడుక్కున్నాడు. అరుగు మీద కూర్చుని చాయ్ అడిగాడు. చాయ్ వచ్చేసరికి మనిషి లేడు. గుండె ఆగిపోయిందన్నారు.

తరువాత సంతాప సభ పెట్టారు. మైకు కట్టి మరీ పెట్టారు. ఒకాయన సారును శాంతమూర్తి అన్నాడు. ఇంకొకాయన మృదుభాషి అన్నాడు. నాకు తిక్కరేగి మధ్యలోనే లేచొచ్చాను. ఆయన శాంతమూర్తి కాదు. పోట్లాడే మనిషి. పెళ్లి ఊరేగింపులో కొమ్ము మైకు ఎడ్ల చెవి పక్కన కట్టారని పెళ్లికొడుకుతోనే తగాదా పెట్టుకున్న మనిషి. అటువంటివాణ్ని మైకు మోత కింద నిలబెట్టి పొగుడుతారా? ఆయన ఎవరో, ఏం చేశాడో నాకు తెలిసినంత మీకు చెప్పాలని రాస్తున్నాను. నాకు రాయడం రాదు. ఏడో తరగతిలో బడి మానేశాను. ఇంజను విప్పి బిగించడం విప్పుతూ బిగిస్తూ నేర్చుకున్నాను, చదవడం కూడా అట్లాగే నేర్చుకున్నాను. తప్పులుంటే మీరే దిద్దుకోండి.

సారు కృష్ణా జిల్లా దిక్కు మనిషి. అరవై తొమ్మిది తెలంగాణ గొడవలు చల్లారిన కొత్తలో బదిలీ మీద బాన్సువాడకు వచ్చాడు. అప్పుడు నేను లాగు వేసుకునే పిల్లవాణ్ని. ఆంధ్ర నుంచి వచ్చాడని మొదట్లో కొందరు పశువులను ఆయన దగ్గరికి తోలుకురాలేదట. "బర్రెకు ముల్కీ పట్టింపు లేదయ్యా, తోలుకురండి" అన్నాడని మా నాయన చెప్పి నవ్వేవాడు. మధ్యలో ఎక్కడికో బదిలీ అయితే, మళ్లీ ఇక్కడికే అడిగి మరీ వచ్చాడు. నాలుగు మాటల్లో ఒకటి మా మాట కలిసేది, మిగతా మూడూ ఆయన ఊరివే.

చొక్కా జేబులో ఎప్పుడూ బెల్లం ముక్క ఉండేది, పశువును మచ్చిక చేయడానికి. ఆ జేబు చుట్టూ చీమలు తిరుగుతుండేవి. చీమ కుట్టినప్పుడల్లా ఉలిక్కిపడేవాడు కానీ బెల్లం మాత్రం మానలేదు. ఏ పశువు దగ్గరికి వెళ్లినా ముందు కళ్లు చూడడు, నాలుక చూడడు. చెవి పట్టుకుంటాడు. అరచేతిలో చెవి పెట్టుకుని వేడి ఉందా, చల్లబడిందా అని కాసేపు అట్లాగే నిలబడతాడు. "మిగతా ఒళ్లంతా తరువాత చెబుతుంది, చెవి ముందే చెబుతుంది" అనేవాడు. చెవి అంటే ఆయనకు అంత పిచ్చి.

ఇగ మా అక్క సంగతి చెప్పాలి, లేకపోతే ఇదంతా మీకు అర్థం కాదు.

మా అక్క మా మిల్లులోనే నూకలు చెరుగుతుంది. అప్పుడు ఆమె కూర్చునే చోటు ఇంజను గదిలోనే ఒక మూల. పెళ్లైనప్పటి నుంచి అదే మూల. మెల్లమెల్లగా వినికిడి తగ్గింది. ఎవరికీ తెలియనివ్వలేదు. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టేస్తుంది. నలుగురూ నవ్వితే నవ్వుతుంది, ఆగితే ఆగుతుంది. ఎంత బాగా చేస్తుందంటే, మా బావకే ఏడాది దాకా తెలియలేదు. పాప పుట్టిన తరువాత బయటపడింది. పాప ఏడిస్తే వినపడదని, పడుకునేటప్పుడు తన చేతికీ పాప చేతికీ దారం కట్టుకునేది. బావ ఆ దారం చూసి అడిగితే అప్పుడు చెప్పింది.

నేను మండిపడ్డాను. ఎవరి మీద మండిపడాలో తెలియలేదు. మా మిల్లులో పాతవాళ్లందరికీ చెవుడే. చేతికి కాయ కాసినట్టు చెవికి చెవుడు వస్తుందని వాళ్ల లెక్క. "మిల్లుల జేస్తే గంతేరా, నీకూ వస్తది, ఫికర్ జేయకు" అని నవ్వుతారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది. పాతసామాన్ల కొట్లో ఇంటరు జంతుశాస్త్రం పుస్తకం దొరికితే కొనుక్కుని చెవి పాఠం చదివాను. కర్ణావర్తం, రోమ కణాలు అని మాటలు నోటికొచ్చాయి. అక్కకు ఏమైందో మాత్రం అందులో లేదు.

సారు మా మిల్లుకు వచ్చింది అక్క కోసం కాదు, మేక కోసం. మా దగ్గర ఒక అలవాటుంది. ఇంజను గదిలో, వడ్లు దంచే హల్లరు కింద తవుడు రాలుతూ ఉంటుంది. గల్లీవాళ్లు, మా హమాలీలు తమ మేకలను తెచ్చి అక్కడే గోడవెంట కట్టేస్తారు. దాణా ఖర్చు లేకుండా మేస్తాయి. కొన్ని మేకలను గోడ బయట, ఊక పడే గొట్టం దగ్గర కడతారు. అక్కడా తవుడు పడుతుంది. మోత లోపల ఎంతో బయటా అంతే, ఊక గొట్టం దగ్గరైతే ఇంకొంచెం ఎక్కువే.

గల్లీలో ఒక అవ్వ ఉంది. గల్లీ అంతా ఆమె మాట మీద నడుస్తుంది. ఆమె మేక తవుడు ఎక్కువ తిని కడుపుబ్బింది. సారు వచ్చి నోట్లో నూనె పోసి, పొట్ట మర్దన చేసి, మేక తేన్చేదాకా కూర్చున్నాడు. ఆ రోజు ఇంజను ఆపి ఉంది. మేక తేరుకున్న తరువాత వెనక నుంచి ఆయన చిటికె వేశాడు. మేక కదల్లేదు. చప్పట్లు కొట్టాడు. మేక నెమరు వేస్తూనే ఉంది.

"ఏవమ్మా, మీ మేక చెవి ఆడించదేం?"

"పొగరు సారూ దానికి," అన్నది అవ్వ. "పిలిస్తే రాదు. దీని తల్లి గూడ గంతే ఉండె."

"తల్లిని కూడా ఇక్కడే కట్టేదానివా?"

"మరేడ గడ్త? తవుడు ఈడ్నే రాల్తది గద."

సారు గది నలుమూలలా చూశాడు. మూసి ఉన్న షట్టర్లను చూశాడు. ఇంజను పొగ గొట్టం వంక చూశాడు, అక్కడ నేను రేకు చుట్టి తీగతో బిగించిన అతుకు ఉంది. ఆ గొట్టం పగిలిందని సేటుకు ఎన్నిసార్లు చెప్పానో. సీజన్ అయినంక మారుద్దాం అనేవాడు. సీజన్లు అయిపోతూనే ఉన్నాయి.

"రేపు మిల్లు బందేగా? మేకలన్నీ ఉండనివ్వండి, వస్తాను," అన్నాడు సారు.

మరునాడు పొద్దున్నే స్టీలు పళ్లెం, గరిటె పట్టుకుని వచ్చాడు. మేకల వెనక గోనె సంచుల తెర కట్టించాడు, మనిషి కనపడకూడదని. మేక ముందు బెల్లం ముక్క పట్టుకుని నన్ను కూర్చోమన్నాడు. "దాని చెవిని చూడు. ఇంకేం చూడకు." తెర వెనక నుంచి టంగుమని కొట్టాడు.

బయట ఊక గొట్టం దగ్గర కట్టే మేకల చెవులు టక్కున కదిలాయి. ఒకదాని చెవి వెనక్కి తిరిగింది, ఒకదాని చెవి నిటారుగా లేచింది. ప్రతి టంగుకూ కదిలాయి. ఇంజను గదిలో కట్టే మేకలు ఉన్నాయి చూశారూ, వాటిలో ఒకటీ అరా బద్ధకంగా చెవి కొస ఆడించాయి. మిగతావి బెల్లం నాకుతూ కూర్చున్నాయి.

 అంతవరకూ నేను మోతనే తిడుతూ వచ్చాను. కానీ మోత గోడకు రెండు పక్కలా ఒక్కటే. మరి బయటి మేకలు వింటున్నాయేమిటి?

"అదీ లెక్క," అన్నాడు సారు తెర వెనక నుంచి బయటికొచ్చి. ఆయన మొహం వెలిగిపోతోంది. పళ్లెం ఇంకా చేతిలోనే ఉంది, ఊపుతూ మాట్లాడుతున్నాడు. "ఒక్క దొంగను పట్టుకుని ఊరుకోకు. రెండోవాడు గోడ దూకుతుంటాడు. మోత ఒక దొంగ. రెండోవాడెవడు? చెప్పు."

"తెల్వదు సార్."

"చెవి గురించి చదివానన్నావుగా. శబ్దం లోపలికి వెళ్లి ఏంచేస్తుంది?"

"రోమ కణాలను ఊపుతది. నరానికి తెలుస్తది."

"ఊపగానే తెలిసిపోతుందా? నీ ట్రాన్సిస్టర్ మీట తిప్పితే పాట వస్తుంది. సెల్లు తీసేసి తిప్పు."

"సెల్లు లేకుంటె ఎట్లొస్తది?"

"చెవికీ సెల్లుందయ్యా. నువ్వు చదివిన కర్ణావర్తం, ఆ నత్తగుల్ల లోపల నీళ్లుంటాయి. ఆ నీళ్లలో కరెంటు నిలవ ఉంటుంది. శబ్దం చేసేదల్లా తలుపు తీయడమే. తలుపు తీసినా లోపలికి దూకడానికి అవతల కరెంటుండాలి కదా. ఆ సెల్లు ఎప్పటికప్పుడు నిండుతూ ఉండేది రక్తం తెచ్చే ఆక్సిజన్‌తో. చెవికి కూడా ఊపిరి కావాలి."

చదువుకునే రోజుల్లో ఆయన ఒక ప్రొఫెసరు దగ్గర సహాయకుడిగా ఉన్నాడట. గినీ పిగ్ అని కుందేలుకూ పందికొక్కుకూ మధ్య రకంగా ఉండే జంతువు. దానికి మత్తిచ్చి, చెవిలోకి వెంట్రుకంత తీగ దించి, మీటరు ముందు కూర్చునేవాడట. అది పీల్చే గాలిలో ఆక్సిజన్ తగ్గించేవారు. "గుండె కొట్టుకుంటూనే ఉండేది. మీటరు ముల్లు మాత్రం పడిపోయేది. జంతువు బతికే ఉంది, చెవి ఆరిపోయింది. వెంటనే గాలి ఇస్తే ముల్లు లేచి కూర్చునేది. ఆలస్యమైతే సగమే లేచేది. ఇక పెద్ద మోత పెట్టి, గాలి కూడా తగ్గించామనుకో..." అని ఆగాడు.

"లేవదా సార్?"

"కొన్నిసార్లు లేవదు."

నేను నమ్మినట్టు కనపడలేదేమో, ధాన్యం మూట చూపించి ఎత్తమన్నాడు. ఎత్తి నడిచాను. "ఇప్పుడు ముక్కూ నోరూ మూసుకుని ఎత్తు." హమాలీలు చుట్టూ చేరారు. ఒకడు వెనక నుంచి నా ముక్కూ నోరూ మూశాడు. కొంచెం దూరం పోయేసరికి కాళ్లు వణికి మూట మీద నేనే పడ్డాను. అందరూ పడీపడీ నవ్వారు.

"మూట మోసి ఎవడూ పడలేదు," అన్నాడు సారు. "ముక్కు మూసుకుని కూర్చున్నవాడూ కాసేపు ఆగుతాడు. రెండూ ఒకేసారి చేస్తేనే ఇట్లా. మోత ఎక్కువైతే చెవిలోని ఆ చిన్న కణాలు మూటలు మోస్తున్నట్టే. వాటికి మామూలు కంటే ఎక్కువ ఊపిరి కావాలి. సరిగ్గా అప్పుడే మీరు ముక్కు మూస్తున్నారు."

"మేమెప్పుడు మూసినం సార్?" అన్నాడు ఒక హమాలీ.

"మధ్యాహ్నానికి మీకు తల నొస్తుందా?"

"అందరికీ నొస్తది. చాయ్ తాగితే పోతది."

"చాయ్ ఎక్కడ తాగుతారు?"

"బయట, బండి కాడ."

"తగ్గేది చాయ్‌తో కాదు నాయనా, బయటితో."

 నేను ఇంతకాలం ఆ గదిలో నిలబడి పాఠం చదివిన మొనగాణ్ని. నాకు నవ్వాలో అరవాలో తెలియలేదు. పగిలిన గొట్టం నుంచి పొగ గదిలోనే తిరుగుతోంది. ఆ పొగలో వాసన లేని గ్యాసు ఒకటుంటుందని, రక్తంలో ఆక్సిజన్ కూర్చునే చోట అది కూర్చుంటుందని సారు చెప్పాడు. మా బస్టాండు చూసిన మనిషి కాబట్టి ఆయన చెప్పిన తీరు మాకు ఎప్పటికీ మరుపు రాదు. "బాన్సువాడ బస్సొచ్చిందంటే మీరేం చేస్తారు? కిటికీలోంచి తువ్వాల వేసి సీటు పట్టుకుంటారు. ఆ గ్యాసు కూడా అంతే, ముందే తువ్వాల వేసేస్తుంది. ఆక్సిజన్ ఎక్కుతుంది కానీ సీటుండదు. నిలబడి నిలబడి దిగిపోతుంది." హమాలీలు ఈసారి నవ్వలేదు.

ఇక షట్టర్లు. అవి ముందు తెరిచే ఉండేవి. ఊక దుమ్ము గల్లీలోకి ఎగిరి వండిన అన్నంలో, ఆరేసిన బట్టల్లో పడుతోందని గల్లీ ఆడవాళ్లంతా అవ్వను ముందు పెట్టుకుని మిల్లు మీదికొచ్చారు. న్యాయమైన తగాదానే. సేటు షట్టర్లు మూయించాడు. గల్లీకి దుమ్ము తప్పింది. లోపల మాకు గాలి తప్పింది. మేకలను మాత్రం గల్లీవాళ్లే తెచ్చి లోపల కడుతున్నారు.

సారు సేటు వైపు తిరిగి గట్టిగానే అడిగాడు. "షట్టర్లు తెరిపిస్తావా, లేదా?"

"నా మీద ఎగురుడెందుకు సార్? తెరిస్తె గల్లీ ఆడోళ్లు మల్ల వస్తరు. గీ అవ్వనే ముందుగాల వచ్చింది, అడుగుండ్రి."

అందరం అవ్వ వైపు చూశాం. ఆమె మా ఎవరి వైపూ చూడలేదు. మేక వెనక్కి వెళ్లింది. "రా, రాయే" అని పిలిచింది. మేక నెమరు వేస్తోంది. సారు చేతిలోంచి పళ్లెం లాక్కుని తనే కొట్టింది, గరిటె వంగేంత గట్టిగా. బయటి మేకలు అదిరిపడి తాళ్లు గుంజాయి. ఆమె మేక మాత్రం బెల్లం వాసన చూస్తోంది.

"ఇనకుంటె ఎన్ని దెబ్బలు గొట్టిన్నో సారూ దీన్ని," అన్నది. తరువాత కొంగు దోపుకుని సేటుతో అన్నది, "తెరువు షట్టరు. ఎవతొస్తదో నేను జూస్త."

"దుమ్మో?"

"గోనె సంచులు తడిపి కట్టు. ఎండకాలం ఇంటి తలుపుకు గట్టమా? గట్లనే."

అంతే. దానికి ఏ ఇంజనీరూ రాలేదు. ఆ రోజే షట్టర్లు లేపి, తెరిచిన చోటల్లా గోనె సంచులు వేలాడదీసి నీళ్లు చల్లాం. నేను పొగ గొట్టం విప్పి కొత్త గొట్టం బిగించి, గోడకు బొక్క కొట్టి, కప్పు మీదికి లేపాను. సేటు గొణిగాడు కానీ గొట్టం తెప్పించాడు. అది బిగించేటప్పుడు నాకున్న ఉత్సాహం నా పెళ్లికి కూడా ఉండదు. మరునాడు ఇంజను నడిపితే తడి గోనెకు ఊక అంటుకుని మందపాటి పరుపులా తయారైంది. మధ్యాహ్నం చాయ్ బండి దగ్గర హమాలీలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరికీ తల నొప్పి లేదు. చాయ్ మాత్రం తాగారు.

సారు అక్కడితో ఆగలేదు. "మోత ఒక్కటున్నా చెవిని తింటుంది. మెల్లగా తింటుంది. జత కలిస్తే పరుగెత్తి తింటుంది. జత తెంచాం, మోత ఇంకా ఉంది" అని సేటుతో రెండో పోట్లాట పెట్టుకుని అక్క కూర్చునే చోటును వెనక వసారాలోకి మార్పించాడు. లోపల చేసేవాళ్లను చెవుల్లో నూనె దూది పెట్టుకోమన్నాడు. మావాళ్లు సిగ్గుపడ్డారు. ఆయనే దూది పెట్టుకుని మిల్లంతా తిరిగి చూపించాడు. చెవుల్లోంచి దూది కొసలు బయటికి వేలాడుతుంటే కుందేలులా ఉన్నాడు.

చెవి కదలని మేకల్లో రెంటిని వేరుగా ఉంచాడు. ఒకటి అవ్వది, ఒకటి హమాలీలది. రెండింటినీ ఊరి బయట, మోత లేనిచోట కట్టించాడు. కొన్ని వారాలు పళ్లెం ముట్టుకోలేదు. ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని వెళ్లి తెర కట్టి కొట్టాడు. అవ్వ మేక కదల్లేదు. హమాలీల మేక చెవి లేచింది.

సారు మళ్లీ కొట్టాడు. మళ్లీ లేచింది. ఆయన పళ్లెం అక్కడ పడేసి ఆ మేక చెవిని రెండు చేతులతో పట్టుకున్నాడు. "చచ్చిపోలేదయ్యా ఇది. ఊపిరాడక సొమ్మసిల్లింది, అంతే. చచ్చిన కణం తిరిగి రాదు. సొమ్మసిల్లింది వస్తుంది" అన్నాడు.  నేను అవ్వ మేకను చూస్తున్నాను. రెండు మేకలూ ఒక్క తీరుగానే ఉన్నాయి. రెండూ ఒకే గదిలో, ఒకే పొగలో, ఒకే మోతలో ఉన్నాయి. ఒకదానికి తిరిగొచ్చింది, ఒకదానికి రాలేదు.

"మా అక్క ఏ మేక సార్?" అన్నాను.

సారు మేక చెవి వదిలాడు. "నేను పశువుల డాక్టర్ని. నిజామాబాద్‌లో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు, నేను చెప్పానని చెప్పు," అన్నాడు. తీసుకెళ్లాను. కుడి చెవి ఆశ వదులుకోమన్నాడు ఆయన. ఎడమ చెవి సంగతి ఇప్పుడే చెప్పలేం, మోతకు దూరంగా ఉంచి చూడాలన్నాడు.

చూడటం ఎట్లా? అదే నా బాధ. అక్కను అడిగితే "ఇంటున్న" అంటుంది. విననప్పుడు కూడా అదే అన్నది కదా. ఎదురుగా నిలబడితే పెదాలు చదువుతుంది. వెనక నిలబడితే నేల అదురు పట్టేస్తుంది, పాప కళ్లు ఎటు తిరిగితే అటు తిరుగుతుంది. ఇట్లా కాదని పళ్లెం, గరిటె సిద్ధం చేసుకున్నాను. సారుతో చెబితే మండిపడ్డాడు.

"మీ అక్క మేకా?"

"మరెట్ల తెలుస్తది సార్? రోజూ సస్తున్న."

"మేక నటించదు. మనిషి నటిస్తుంది. నీ కోసం నటిస్తుంది. నువ్వు వెనక నుంచి పళ్లెం కొట్టావనుకో, నీ మొహంలో ఏం కావాలో చూసి అదే చేస్తుంది. ఆమెను పరీక్ష పెట్టకు. ఆమె చెవి ఆమెది. వచ్చిననాడు అదే చెబుతుంది."

"రాకుంటె?"

"రాకపోతే నీకు చేతి సైగలు వచ్చు కదా. మీ మిల్లంతా మాట్లాడేది అవే. పాపకు నేర్పు." ఆ మాట నాకప్పుడు కటువుగా తోచింది. ఇప్పుడు పాప పది సైగలు చేస్తుంది, "ఆకలి"ని అందరికంటే బాగా చేస్తుంది.

ఆయనను చివరిసారి చూసింది అంగడి రోజు. జుక్కల్ దిక్కు నుంచి వస్తున్న స్కూటరు ఆపి, కాలు నేల మీద ఆనించి, "మీ అక్క ఎడమవైపు ఏమంటోందయ్యా?" అన్నాడు. ఎప్పుడు కనపడినా ఇదే అడిగేవాడు. "తెల్వదు సార్" అన్నాను. జేబులోంచి బెల్లం ముక్క తీసి చీమలు దులిపి, పాపకివ్వమని ఇచ్చాడు. స్కూటరు వెళ్లిపోయింది. ఆయన అడిగిన దానికి జవాబు నా దగ్గర లేదు, ఆయన తెలుసుకోకుండానే పోయాడు. ఇదే నన్ను తినేస్తోంది. అంత చేసిన మనిషికి ఫలితం చూసే భాగ్యం ఉండొద్దా? ఎవడితో పోట్లాడాలి దీని గురించి?

సారు కొడుకు కృష్ణా జిల్లా దిక్కు నుంచి వచ్చాడు. తండ్రి ఇక్కడే ఉంటానన్నాడు కాబట్టి దహనం ఇక్కడే చేద్దామన్నాడు. మంజీర ఒడ్డుకు తీసుకెళ్లాం. మా దిక్కు ఆడవాళ్లు కూడా నది దాకా వస్తారు. గల్లీ గల్లీ వచ్చింది, అవ్వ ముందు నడిచింది. పశువులు ఉన్నవాళ్లు ఏయే ఊళ్ల నుంచి వచ్చారో చెప్పడం కష్టం. సేటు మిల్లు బంద్ పెట్టి వచ్చాడు. కొడుకు నిప్పు పెట్టాడు. పొగ మా వైపు తిరిగింది.

అక్క పొగకు మొహం తిప్పుకుని, నదికి వీపు పెట్టి, గట్టు మీద నిలబడింది. పాప బావ దగ్గర ఎక్కడో వెనక ఉంది. నేను అక్కకు కొంచెం దూరంలో, నది వైపు చూస్తూ ఉన్నాను. ఆమె నన్ను చూడటం లేదు. ఇసుక నేల, అదురు పట్టే నేల కాదు.

"అవుతల ఎవరో బట్టలు ఉతుకుతుండ్రు," అన్నది అక్క.

నాకు ముందు అర్థం కాలేదు. తరువాత నది అవతలికి చూశాను. దూరంగా, వేలెడంత మనిషి ఒకడు రాయి మీద బట్ట కొడుతున్నాడు. బట్ట పడిన తరువాత ఒక లిప్త ఆగి, ఆ దెబ్బ నీళ్ల మీదుగా మా దాకా వస్తోంది. మెత్తగా, తడిగా. మనసు పెడితే తప్ప నాకే వినపడదు. అక్క తల కొంచెం పక్కకు వాలి ఉంది, ఎడమ చెవి నది వైపు.

నేను కదల్లేదు. ఊపిరి కూడా గట్టిగా తీయలేదు.

"ఆగిండు," అన్నది.

అవతల ఆ మనిషి వంగి బట్ట పిండుతున్నాడు. అక్క అట్లాగే నిలబడి ఉంది, మొహం ఊరి వైపు, తల పక్కకు వాల్చి. ఆమె ఎదురు చూస్తోంది. నేనూ చూస్తున్నాను. అవతలి ఒడ్డున అతను ఇంకో బట్ట ముంచి, నీళ్లు కారుతుంటే తలకంటే పైకెత్తాడు. ఎండలో తెల్లగా మెరిసింది. రాయి మీద పడింది. చప్పుడు ఇంకా రాలేదు. అక్క ఎడమ చెవి మెల్లగా ఇంకొంచెం నది వైపు తిరుగుతోంది.